బొగ్గుగనియు భూమి జ్ఞాపకమును

బొగ్గుగని చరిత్రను వ్రాయువారు సాధారణముగా మూడు లెక్కలు చెప్పుదురు. ఎన్ని టన్నుల బొగ్గు తీసిరి, ఎంత ధనము వచ్చెను, ఎందఱికి పని దొరకెను అనునవి ఆ మూడు. ఇవి అవసరమైనవే. కాని గని పుట్టకమున్ను ఆ నేల దేనికి ఉపయోగపడుచుండెను, దానిపై ఎవరి వేల్పులు, ఎవరి సమాధులు, ఎవరి కథలు నిలిచియుండెను అను నాలుగవ లెక్క యొకటి కలదు. తెలుగునాట గనులకు పుట్టినిల్లయిన ఇల్లెందు మొదలుకొని మణుగూరు వఱకు, గోదావరి దిక్కుగా వ్యాపించిన అడవిసీమ ఈ నాలుగవ లెక్కను విచారించుటకు తగిన తావు.

పూర్వము భద్రాచలయాత్రకు పోవువారు దారిలో పొయ్యి పెట్టుకొనగా పొయ్యిరాళ్లే రగులుకొన్నవని ఇల్లెందు ప్రాంతమున ఒక కథ వాడుకలో నున్నది. శాస్త్రరీతిని అచ్చటి బొగ్గును 1871లో గుర్తించినవాడు భారత భూగర్భ పరిశోధనశాఖలోని విలియం కింగు. ఆయన ప్రాణహిత గోదావరి లోయను గూర్చి 1881లో పెద్ద గ్రంథము ప్రకటించెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ యను ఇంగ్లండు సంస్థ త్రవ్వకపు హక్కు సంపాదించెను. ఆ కంపెనీ వాటాల వ్యవహారమున అక్రమములు జరిగినవని అలజడి పుట్టగా, 1888లో లండనులోని కామన్సు సభవారి సంఘ మొకటి విచారణ జరిపెను. ఎవరి సంచిలో ఎంత ధనము పడినదను ప్రశ్న సముద్రముల కావల చర్చకు వచ్చినది. ఆ బొగ్గుపై పోడు కొట్టుకొని, ఇప్పపూవు ఏఱుకొని బ్రతుకు కోయల భూమి యేమగునను ప్రశ్న ఆ చర్చకు విషయము కాలేదు.

డోర్నకల్లు నుండి రైలుమార్గము వచ్చెను. 1889లో బొగ్గు వెలికి రాసాగెను. 1920 డిసెంబరు 23వ తేదీని ఆ వ్యాపారము సింగరేణి కాలరీస్ కంపెనీగా ఏర్పడెను. ఇల్లెందునకు చేరువనున్న యొక పల్లె పేరు ఇట్లు దేశమంతట వ్యాపించెను. గని పెరిగినచోట తక్కిన పేళ్లకు ఆ భాగ్యము కలుగలేదు. గనులకు అంకెలే పేళ్లైనవి. గోదావరిఖనిలో ఎనిమిదవ ఇంక్లైను అనునది యొక నివాసస్థలమునకే పేరైనది. పేరు పోయిన చోట ఆ పేరున దాగిన కథయు పోవును.

తొలినాళ్ల గనులు భూగర్భమున సొరంగములుగా సాగినవి. పైకప్పు కూలకుండ నడుమ నడుమ బొగ్గు స్తంభములను నిలిపి, పిమ్మట వానిని గూడ తీయుట పద్ధతి. అట్లు తీసినచోట పైనేల క్రుంగును. అయినను పెక్కుచోట్ల పైన పొలమును అడవియు మిగిలియుండెను. ఉపరితల గనులు వచ్చినతోడనే స్థితి తలక్రిందులైనది. ఒక్కొక టన్ను బొగ్గునకు పెక్కు ఘనమీటర్ల మన్నును రాతిని పెకలించి ప్రక్కన పోయవలెను. పొలమున్నచోట గోతియు, త్రోవయున్నచోట మట్టిగుట్టయు ఏర్పడును. ఆ గుట్టలపై చెట్లు నాటుట మంచిదే. నాటిన తోటకు పూర్వపు అడవిలోని త్రోవలు తెలియవు.

ఈ సీమలోని నేల బహుపురాతనమైన గ్రంథము వంటిది. పినపాక మండలములోని జానంపేట యొద్ద ఇసుకరాతి పలకలతో కట్టిన ప్రాచీన సమాధులు పెక్కు కలవు. జనులు వానిని రాక్షసగుళ్లందురు. వానిచెంత మనుష్యాకృతిని చెక్కిన శిలలును కనబడినవి. నిజాము ప్రభుత్వము పురావస్తుశాఖను స్థాపించినది 1914లో. అనగా బొగ్గు జాడ తెలిసిన నలువది మూడేండ్లకు. రాజ్యమునకు భూగర్భము మీది శ్రద్ధ ముందు, భూమిపైని చరిత్ర మీది శ్రద్ధ వెనుక కలిగినదని ఈ రెండు తేదీలే సాక్ష్యము చెప్పుచున్నవి.

రాళ్లకంటె సులభముగా నశించునది నోటి చరిత్ర. కోయలు తమ యిలవేల్పుల చరిత్రమును పడిగెలను బట్టపతాకములపై బొమ్మలుగా నిలుపుకొందురు. డోలు వాయించు కథకులు ఆ చరిత్రమును పాడి వినిపింతురు. మణుగూరు మండలము కూనవరము వాడైన సకిని రామచంద్రయ్య అట్టి కథకుడు. ఆయనకు 2022లో పద్మశ్రీ బిరుదము లభించెను. 2024లో ఆయన పరమపదించెను. బొగ్గుగనుల నడుమనే ఇట్టి సజీవ గ్రంథాలయ మొకటి యుండెనని బయటివారిలో పెక్కురకు ఆ బిరుదముతోనే తెలిసినది. అది గౌరవమే, ఆలస్యమైన గౌరవము.

చట్టము నిద్రించుచున్నదని అనరాదు. 1996 నాటి చట్టము షెడ్యూలు ప్రాంతములందు సంప్రదాయములను, సాంస్కృతిక విశేషమును, సామూహిక వనరులను కాపాడు సామర్థ్యము గ్రామసభకు కలదని యొప్పుకొనెను. 2013 నాటి భూసేకరణ చట్టము, సామాజిక ప్రభావమును పరిశీలించునపుడు పూజాస్థలములను, గిరిజన సంస్థల భూములను, శ్మశానవాటికలను గూడ గణింపవలెనని పలికెను. 1894 నాటి పాత చట్టముతో పోల్చిన ఇది గొప్ప మార్పు. కాని గణించుటకు ఎఱిగినవారు కావలయును. ఇప్పచెట్టునకు వెల కట్టు ఉద్యోగికి, ఆ చెట్టు నీడను ఏ వంశము వారు భూమి పండుగ చేయుదురో ఊరివారు చెప్పకున్న తెలియునా?

బొగ్గు వలదనుట ఈ వ్యాసోద్దేశము కాదు. మన రైళ్లు దానితో నడచినవి; మన యిండ్లలో దీపములు దానితో వెలిగినవి; వేలకొలది కుటుంబములు దానివలన అన్నము తినుచున్నవి. ఆ వెలుగును అనుభవించు మనకు ఋణమొకటి కలదు. గడ్డపాఱ పడకమున్నే ఆ యూరి సమాధులు, వేల్పుల గద్దెలు, చెఱువులు, కాలిబాటలు, పొలముల పేళ్లు పటములో చేరవలెను. పాటలను కోయమాటలోనే వ్రాసియుంచవలెను. అడవిలోని దుంపను, ఆకును, మందును ఎఱిగిన స్త్రీలను ఆ పనిలో ముందు అడుగవలెను. ఆ ప్రతి కచేరీలో నొకటియు గ్రామసభలో నొకటియు నుండవలెను. ఇందులకగు వ్యయము గనిలో ఒకనాటి వ్యయమునకు సాటిరాదు. త్రవ్విన బొగ్గు ఒకమాఱే మండును; త్రవ్వకమునకు మున్ను వ్రాసికొన్న చరిత్ర, ఊరు కదలిపోయినను, బిడ్డల చేతిలో మిగులును.