నీరుకట్టె
నీరుకట్టె చెరువులు, వరిపొలాలు, నెమ్మదిగా పారే నదులలో నివసించే విషరహిత సర్పము. శాస్త్రీయ నామము ఫౌలియా పిస్కేటర్. దీనిని 1799లో ష్నైడర్ తొలిసారి వర్ణించెను. చేపలు, కప్పలు దీని ఆహారము.

దేహముపై చదరంగపు గళ్ళవంటి మచ్చలు, కంటి నుండి వాలిన రెండు నల్లని చారలు దీని గుర్తులు. బెదిరినపుడు మెడను వెడల్పు చేయును. అందువలన త్రాచని భ్రమపడి పాపము దీనిని చంపుచుందురు. పట్టుకొనబోయిన గట్టిగా కరచును. రక్తము కారును గాని విషమెక్కదు.

విశాఖ తీరమున గోస్తనీ నది భీమునిపట్నం వద్ద సముద్రములో కలియును. ఇట్టి నదీముఖములలో ఈదువారు పాము తోకను గమనింపవలెను. నీరుకట్టె తోక సన్నగా, గుండ్రముగా ఉండును. విషపూరితమైన సముద్రసర్పము తోక తెడ్డువలె చదునుగా ఉండును. త్రాచు కూడ ఈదగలదు. కావున నీటిలో కరచినది ఏ పామో తెలియనపుడు నీరుకట్టెయేనని ఊరకుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను. సముద్రసర్పపు కాటు తొలుత నొప్పియైనను కలిగింపకపోవచ్చును.