బావి, పొయ్యి, కొండ

మా ఉదయగిరి తాలూకా పల్లెల్లో ఫిట్సున్న పిల్లను మూడు చోట్లకు ఒంటిగా పంపేవాళ్లు కాదు. బావికి, పొయ్యి దగ్గరికి, కొండకు. ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటూ తెచ్చిన కట్టడి ఇది. చేదబావి గట్టున నిలబడి నీళ్లు తోడే పిల్ల ఉన్నట్టుండి విరుచుకుపడితే బొక్కెనతో పాటే లోపలికి పోతుంది. మూడు రాళ్ల పొయ్యి ముందు కూర్చున్న పిల్ల బోర్లా పడితే చేతులో మొహమో మంటలో ఉంటాయి. ఇక కొండ సంగతి. మూడు వేల అడుగులు దాటిన మా ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుంచి గుంజుకోవడానికి కృష్ణదేవరాయలంతటివాడు ఏడాదికి పైగా ముట్టడి వేసుకుని కూర్చుంటే 1514లో గానీ చేజిక్కలేదు. అలాంటి కొండకు కట్టెల కోసం పోయే పిల్ల కాలు తడబడితే ఇంకేముంది.

నేనూ ఆ పిల్లల్లో ఒకదాన్నే. ఆత్మకూరులో సోషల్ టీచరుగా చేసి రిటైరయినాను. పిల్లలకు రాజుల యుద్ధాలు చెప్పినాను, కోటల గోడలు చూపించినాను. మా ఊళ్లలో మనుషులు ఒక జబ్బుతో ఎట్లా కాపురం చేశారో చెప్పే పాఠం మాత్రం ఏ తరగతి పుస్తకంలోనూ లేదు. నడివయసంతా జాడ లేకుండా పోయిన పాత కబురు ఈ మధ్య మళ్లీ రావడం మొదలయ్యాక, ఆ పాఠమేదో నేనే రాసుకుందామనిపించింది.

కబురు అనేది నా మాట. డాక్టర్లు ‘ఆరా’ అంటారు. నాకైతే ముందు ఆముదం మాడిన వాసన వస్తుంది. ఇంట్లో చుక్క ఆముదం లేకపోయినా వస్తుంది. ఆ వెంటనే పొత్తికడుపులో నుంచి ఏదో పైకి ఎగదన్ని గుండెల దగ్గర ఆగుతుంది. ఎదుటి మనిషి అనబోయే మాట ఇంతకు ముందే విన్నట్టుంటుంది. ఆ కుర్చీ, ఆ కిటికీ, గోడమీద పడిన ఎండ, అన్నీ ఒకసారి జరిగిపోయినవే అనిపిస్తుంది. అంతా కలిపి అర నిమిషం. చిన్నప్పుడు ఆ అర నిమిషం కాగానే నేలమీద ఉండేదాన్ని. ఇప్పుడు పడటం లేదు, అంతటితో సద్దుమణుగుతోంది.

మా అవ్వ ఈ జబ్బును కాకిసోమాల అనేది, అదీ గొంతు తగ్గించి. వాసనొస్తా ఉండాదవ్వా అని నేను అనగానే “మే, ఆడ్నే కూసో, కదలబాక” అనేది. పక్కనున్న రోకలినీ కత్తిపీటనూ కాలితో అవతలికి నెట్టేది. తల కింద తన కొంగు మడతపెట్టి పెట్టేది. ఇంతకు మించి ఆమె చేసిన వైద్యం ఏమీ లేదు. మా ఇంటికి వచ్చిపోయిన మంత్రగాళ్లనూ నాటువైద్యులనూ కలిపి తూచినా ఆమె చేసిందే ఎక్కువని నా లెక్క.

ఆ లెక్కకు పాత సాక్ష్యం కూడా ఉంది. చరక సంహితలో అపస్మారమనే పేరుతో ఈ జబ్బుకు నిదాన స్థానంలో ఒక అధ్యాయం, చికిత్సా స్థానంలో ఒక అధ్యాయం ఉన్నాయి. నిదానంలో జబ్బు రాబోయే ముందు కనిపించే గుర్తులన్నీ ఏకరువు పెట్టాడు: కనుబొమలు ముడిపడటం, కళ్లు వంకర తిరగడం, లేని చప్పుళ్లు వినిపించడం, నోట్లో నీళ్లూరడం, గుండె పట్టేసినట్టుండటం, కళ్లకు చీకట్లు కమ్మడం. చికిత్స అధ్యాయంలో పాత నేతులూ నస్యాలూ బోలెడు చెప్పి, చివర్లో ఒక మాటంటాడు. ఈ రోగిని నీళ్ల నుంచి, నిప్పు నుంచి, చెట్ల నుంచి, కొండల నుంచి ఎప్పుడూ కాపాడుకోండి, అవి అప్పటికప్పుడే ప్రాణం తీస్తాయి అని. నేనది మొదటిసారి చదివినప్పుడు మా అవ్వే గుర్తొచ్చింది. ఆమెకు అక్షరం ముక్క రాదు.

కట్టడి తెలివైనదే గానీ, పడిపోయాక చేసే మోటు పనుల సంగతి వేరు. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయో చెప్పో పెట్టడం, మరీ మొండి జబ్బయితే నుదుట వాత పెట్టడం. ఇనుముకు అంత పేరెందుకొచ్చిందో నాకు రిటైరయ్యే నాటికి గానీ తట్టలేదు. చాలా ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. తాళాలు వెతికి తెచ్చి గుప్పిట్లో పెట్టేసరికి ఆ రెండు నిమిషాలూ అయిపోతాయి. పేరు తాళాలకు పోతుంది.

మా ఊరికి ఇంకో వేడుక కూడా ఉంది. ఉదయగిరి చెక్క గరిటెలకు పేరున్న ఊరు. దుర్గం కింది వీధుల్లో ముస్లిం కుటుంబాలు, ఎక్కువగా ఆడవాళ్లు, నర్ది, బిక్కి లాంటి అడవి కర్రతో గరిటెలూ స్పూన్లూ ఫోర్కులూ చెక్కుతారు. సన్నటి కాడ, నున్నటి పని, ముట్టుకుంటే వదలబుద్ధి కాదు. అలాంటి గరిటె కాడను, నాలుక మింగేస్తానేమోనని ఒక చుట్టం నా పళ్ల మధ్య దూర్చాడు. నాలుకను ఎవరూ మింగలేరు. కింది వరసలో ముందు పన్ను కొస ఒకటి విరిగిపోయింది, నాలుకకు ఈ రోజుకీ తగులుతూనే ఉంటుంది.

మా పక్క ఫిట్సొచ్చిన వాళ్లకు ఇంకో దారి అనుమసముద్రంపేట. ఆత్మకూరుకు దగ్గరే, అందరూ ఏయస్ పేట అంటారు. 18వ శతాబ్దపు సూఫీ గురువు ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్ దర్గా అక్కడుంది. గాలి సోకిందన్న వాళ్లు, మతి తప్పిన వాళ్లు, ఏ ఆసుపత్రిలోనూ నయం కాలేదన్న వాళ్లు హిందువులనీ ముస్లింలనీ లేకుండా వచ్చి రోజుల తరబడి అక్కడే నిద్ర చేస్తారు. కలలో స్వామి కనిపించి ఆపరేషన్ చేస్తాడని నమ్మకం. నన్నూ తీసుకుపోయారు. నాకు ఏ కలా రాలేదు. కానీ ఒక సంగతి చెప్పాలి. బళ్లో పడితే పిల్లలు వలయం కట్టి చూసేవాళ్లు, దర్గా ఆవరణలో పడితే పక్కన పడుకున్నావిడ నా లంగా సర్ది, మళ్లీ తన బిడ్డ వైపు తిరిగింది. అక్కడ అది వింత కాదు. అయితే దర్గాల దగ్గర మనుషులను కట్టేసి ఉంచే అలవాటు ఎంత దూరం పోతుందో 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో చూశాం. అక్కడి దర్గా చుట్టూ వెలసిన ప్రైవేటు షెడ్లలో ఒకటి తగలబడితే, గొలుసులతో కట్టేసి ఉన్న వాళ్లు బయటికి రాలేక చచ్చిపోయారు. సుప్రీంకోర్టు తనంత తానే కేసు తీసుకుంది. చరకుడి జాబితాలో నిప్పు ఉండనే ఉంది.

మా నాయన చివరికి నెల్లూరులో రైలెక్కించి మద్రాసు జనరల్ ఆసుపత్రికి తీసుకుపోయాడు. మద్రాసులో డాక్టర్ బి. రామమూర్తి 1950లో మెదడు ఆపరేషన్ల విభాగం మొదలుపెట్టినప్పటి నుంచీ మా జిల్లా వాళ్లకు తల జబ్బంటే ఆ ఊరే. తలంతా జిగురు పూసి వైర్లు అంటించారు, కాగితం మీద సూదులు గీతలు గీశాయి. మెదడులో పుట్టే కరెంటును అట్లా గీయొచ్చని హాన్స్ బెర్గర్ అనే జర్మన్ డాక్టరు 1929లో లోకానికి చెప్పాడట, అది నేను చాలా తర్వాత చదువుకున్నాను. అప్పటికి గుర్తున్నదల్లా, జుట్టులో జిగురు పోవడానికి మా అమ్మ కుంకుడుకాయలు నలగ్గొట్టడం. తలకు మరీ వేన్నీళ్లు పోయొద్దని మా అవ్వ గోల. అది ఉత్త చాదస్తం అనుకునేదాన్ని. వేన్నీళ్లు తలమీద పడితేనే వచ్చే ఫిట్స్ ఉన్నాయని, మన దక్షిణాదిలో, ముఖ్యంగా మైసూరు వైపు ఎక్కువని బెంగళూరు డాక్టర్లు పరిశోధించి రాశారు.

మందుల చరిత్ర నా నోట్లోనే నడిచింది. మొదట గార్డినాల్. 1912లో హాప్ట్‌మన్ అనే జర్మన్ డాక్టరు ఫిట్స్‌కు పనికొస్తుందని కనిపెట్టింది అదే. అది మింగితే క్లాసులో నిద్ర. తర్వాత ఎప్టాయిన్, 1938లో అమెరికాలో మెరిట్, పట్నం అనే ఇద్దరు డాక్టర్లు బయటపెట్టిన మందు. నిద్ర పోయింది, చిగుళ్లు పొంగి పళ్లమీదికి వచ్చాయి. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు నాకు అప్పుడే పడింది, పెళ్లిచూపుల్లో దాన్ని సిగ్గనుకున్నారు. ఆ తర్వాత టెగ్రిటాల్. దాంతో ఫిట్స్ ఆగాయి, వాసన కూడా ఆగిపోయింది.

పెళ్లి సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో మూర్ఛ మాట లేదు. 1976లో సవరించినప్పుడు, పదే పదే పిచ్చి గానీ మూర్ఛ గానీ వచ్చే వాళ్లతో జరిగిన పెళ్లిని కోర్టులో రద్దు చేయించుకోవచ్చని చేర్చారు. ఇందిరమ్మ ఎమర్జెన్సీ గురించి ఎన్నో పుస్తకాలొచ్చాయి గానీ ఆ రోజుల్లో వచ్చిన ఈ ఒక్క పదం మా బోటి వాళ్లకు ఎంత బరువో ఎవరూ రాయలేదు. నా పెళ్లి ఆ పదం చట్టంలో ఉన్న కాలంలో జరిగింది. మాత్రల సీసా బియ్యం డబ్బాలో అడుగున. ఎవరైనా చూస్తే రక్తం పట్టే మాత్రలని చెప్పాలని మా అమ్మ నూరిపోసింది. మా ఆయనకు బియ్యం కొలవబోయి దొరికింది. “దీన్ని దాచడానికి బియ్యమే కావాల్సొచ్చిందా, చెమ్మ పడితే పాడైపోవూ?” అన్నాడు. ఆ మనిషి తీరు అంతే.

దాచుకోవడం మన దగ్గరే పుట్టింది కాదు. రెండువేల నాలుగువందల ఏళ్ల కిందటి గ్రీకు వైద్యుల గ్రంథమొకటి, హిపోక్రాటీస్ పేరు మీద ఉన్నది, ఇదే జబ్బు గురించి. జబ్బు అలవాటైన పెద్దవాళ్లు అది రాబోతోందని ముందే పసిగట్టి జనం లేని చోటికి పరిగెత్తి ముసుగు కప్పుకుంటారని, పసిపిల్లలు మాత్రం తల్లి దగ్గరికి పరిగెత్తుతారని అందులో ఉంది. పెద్దవాళ్లది దేవుడి భయం కాదు, సిగ్గు అంటాడు. అంటే కబురు అందిన ఆ అర నిమిషాన్ని మనిషి తనను కాపాడుకోవడానికి గాక కనబడకుండా పోవడానికి ఖర్చు పెడుతున్నాడు. దొడ్డి వైపు, బావి వైపు, ఎవరూ లేని వైపు. మా పల్లెల్లో బావిలో పడి పోయిన ఫిట్స్ పిల్లల్లో కొందరు అట్లా చాటుకు పోయిన వాళ్లేనని నా అనుమానం.

ఇక 1999. నా మటుకు నాకు ఈ జబ్బు చరిత్రలో అంతకన్నా పెద్ద సంవత్సరం లేదు. ఆ ఏడు పార్లమెంటు వివాహ చట్టాల్లో నుంచి మూర్ఛ అనే మాట తీసేసింది. ఆ ఏడే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం మొదలుపెట్టి పేద ఆడవాళ్లకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది, మూడు రాళ్ల పొయ్యి నేలమీద నుంచి గట్టు మీదికి లేచింది. ఆ ఏడు చివర్లోనే అమెరికాలో లెవిటిరాసిటామ్ అనే మందుకు అనుమతి వచ్చింది. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి పొత్తు లేదు, దేని దారి దానిదే. కానీ నిప్పు, సిగ్గు, జబ్బు మూడూ ఒకేసారి ఒక మెట్టు దిగాయి. బోర్లూ కుళాయిలూ వచ్చి బావి సంగతీ చాలావరకు తీరిపోయింది.

నా మాత్రలు మెల్లమెల్లగా తగ్గించి ఆపించారు. 1991లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ పరీక్ష ఒకటి ఉంది, వెయ్యిమందికి పైగా రోగుల మీద చేసింది. అందరూ కనీసం రెండేళ్లుగా ఫిట్స్ లేని వాళ్లు. మందు ఆపిన వాళ్లలో నూటికి 41 మందికి రెండేళ్లలో తిరిగొచ్చాయి, ఆపని వాళ్లలో 22 మందికి. నేను రాని వాళ్లలో ఉండిపోయాను. 2014లో అంతర్జాతీయ మూర్ఛవ్యాధి సంఘం ఒక కొలత పెట్టింది: పదేళ్లు ఫిట్స్ లేకుండా, అందులో చివరి అయిదేళ్లు మందు కూడా లేకుండా గడిస్తే జబ్బు తీరినట్టే లెక్క. తీరిందన్నారే గానీ ఇక రాదని అనలేదు. నటరాజు కాలి కింద ఉండే ఆ మరుగుజ్జు పేరు అపస్మారుడు, వాణ్ని శివుడు చంపడు, తొక్కి పెడతాడంతే.

వాసన తిరిగొచ్చాక నెల్లూరులో డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన మొదట చెప్పింది, ఇది ఫిట్స్‌కు ముందొచ్చే హెచ్చరిక మాత్రమే అనుకోవద్దమ్మా, ఇదే ఒక చిన్న ఫిట్స్, మెదడులో ఒక మూల పుట్టి అక్కడే ఆగిపోతోంది అని. ఎంఆర్‌ఐ తీయించాడు, కొత్తగా ఏమన్నా పుట్టుకొచ్చిందేమోనని. ఏమీ లేదు. నిద్ర ఎట్లా ఉంది, కొత్త మందులేమైనా వేసుకుంటున్నావా, జ్వరమొచ్చిందా అని తరచి తరచి అడిగాడు. మనవరాలి పురుడుకని నెలల తరబడి రాత్రిళ్లు మేలుకున్న సంగతి అప్పుడు బయటపడింది. లెవిపిల్ రాశాడు, ఆ లెవిటిరాసిటామే. దాంతో కొందరికి కోపం పెరుగుతుందట. మా ఆయన, నాకేం తేడా తెలీలేదు అంటున్నాడు.

వాసన వచ్చిన రోజు, పూట, ముందు రాత్రి నిద్ర ఎంతసేపు, అన్నీ నోట్‌బుక్కులో రాస్తున్నాను. స్కూటీ తాళం కోడలి చేతికిచ్చేశాను. లైసెన్సు ఫారంలో మూర్ఛ ఉందా అని అడిగే ప్రశ్న ఊరికే పెట్టింది కాదు. వంట వెనక పొయ్యి మీదే. స్నానాల గదికి లోపల గడియ పెట్టడం మానేశాను. కోడలికీ మనవడికీ చెప్పి ఉంచాను: పడితే పక్కకు తిప్పండి, తల కింద మెత్తగా ఏదన్నా పెట్టండి, నోట్లో ఏదీ దూర్చొద్దు, గడియారం చూడండి, అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. పొద్దున నాతో నడకకు వచ్చే ముగ్గురికీ కూడా చెప్పాను. అందులో ఒకావిడ నోరు తెరిచి, మా రెండోవాడికీ ఉండాది టీచరమ్మా, సంబంధాలు చూస్తా ఉండాం, ఎవురికీ చెప్పబాక అంది. చట్టంలో మాట పోయి ఇన్నేళ్లయింది. పిల్లకైనా చెప్పి చెయ్యమన్నాను. ఆలోచిస్తానంది.

ఆవిడే మర్నాడు ఇంటికొచ్చి పెద్ద ఇనప తాళాల గుత్తి ఒకటి నా దిండు కింద పెట్టిపోయింది. తీయొద్దని ఒట్టు కూడా వేయించుకుంది. మా బీరువా తాళం కూడా దానికే తగిలించాను, ఇప్పుడు అదొక్కటే ఇంట్లో వెతక్కుండా దొరుకుతోంది.