వ్రేలికొనకు అందిన అక్షరము

1771వ సంవత్సరము సెప్టెంబరు మాసమున పారిస్ నగరములో సెయింట్ ఓవిడ్ తిరునాళ్ళు జరుగుచుండెను. ఒక కాఫీ దుకాణమువాడు కొందఱు అంధులను కూర్చుండబెట్టి, పొడుగు టోపీలు పెట్టి, అట్ట కళ్ళజోళ్ళు తగిలించి, ముందు స్వరపత్రములు పఱచి, వాద్యములు వాయింపజేసెను. జనము విరగబడి నవ్విరి. ఆ గుంపులో వాలాంతెన్ హాయీ అను యువకుడు మాత్రము నవ్వలేకపోయెను. ఇట్టివారికి చదువు చెప్పవలెనని నాడే నిశ్చయించుకొంటినని ఆయనయే తరువాత వ్రాసెను. 1785లో పారిస్‌లో అంధుల పాఠశాల వెలసినది.

హాయీ మందపు కాగితముపై మామూలు అక్షరములనే ఉబ్బెత్తుగా అచ్చొత్తించెను. కంటికి సొంపైన ఆ వంపులు వ్రేలికి చిక్కులు. ఒక్కొక్క అక్షరమును తడిమి పోల్చుకొనుటకే పొద్దు పోయెడిది. తామై వ్రాసికొనుట మరియు దుర్లభము. హాయీ దయాళువనుటకు సందేహము లేదు గాని, ఆ అక్షరములు చూపుగలవారు తమ కంటికి నచ్చి యెన్నుకొన్నవి. మన యిండ్లలో మాత్రము? అంధుడైన చుట్టము వచ్చినచో, "వారికి కాఫీలో చక్కెర వేయవచ్చునా?" అని వెంట వచ్చినవారిని అడుగుచుందుము. మేమును అట్లు అడిగినవారమే. చుట్టము ఎదుటనే ఉన్నాడు. చెవులు బాగుగానే ఉన్నవి.

1819లో ఆ పాఠశాలలో లూయీ బ్రెయిలీ అను పదేండ్ల బాలుడు చేరెను. తండ్రి జీనులు కుట్టువాడు. మూడేండ్ల వయసున తండ్రి పనిముట్టుతో ఆడుకొనుచు కన్ను పొడుచుకొనగా, క్రమముగా రెండవ కన్నుకూడ పోయెను. బార్బియే అను మాజీ సైనికోద్యోగి పండ్రెండు చుక్కల లిపి నొకదానిని పాఠశాలకు తెచ్చెను. చుక్క వ్రేలికి వెంటనే తెలియును. కాని పండ్రెండు చుక్కలు ఒక్క వ్రేలికొన క్రింద ఇమడవు. ఈ సంగతి కన్నులున్న పెద్దకు తట్టలేదు, చదువవలసిన బాలునకు తెలిసినది. 1824 నాటికి, పదునైదేండ్ల వయసున, అతడు చుక్కలను ఆఱింటికి కుదించెను. 1829లో ఆ లిపిని పుస్తకముగా ప్రకటించుచు, బార్బియేకు తాను ఋణపడితినని చెప్పికొనెను.

అంతటితో కథ సుఖాంతము కాలేదు. 1840 ప్రాంతమున పాఠశాలాధిపతి ఆ లిపిని నిషేధించెను. వేఱు లిపి యున్నచో అంధులు లోకమునుండి వేఱుపడుదురని వాదము. వినుటకు న్యాయముగానే ఉన్నది! విద్యార్థులు మాత్రము చాటుగా చుక్కలు పొడుచుకొనుచునే యుండిరి. 1844లో నూతన భవన ప్రారంభ సభలో ఆ లిపిని చదివి చూపుటకు అనుమతి దొరకినది. ప్రభుత్వాంగీకారము 1854లో వచ్చినది. బ్రెయిలీ అప్పటికి రెండేండ్ల క్రిందటనే మరణించెను.

మన దేశమున భాషకొక తీరుగా నున్న చుక్కల లిపులు 1951లో భారతి బ్రెయిలీ యను పేర ఏకమైనవి. ఏ భాషలోనైనను ఒక ధ్వనికి ఒకే గుర్తు అను పద్ధతి అందలిది. తెలుగు బాలిక వ్రేలికి నేడు 'క' యని తగులునవి, ఫ్రెంచి అక్షరమాలలోని 'క'కు ఆ పదునైదేండ్లవాడు ఏర్పఱచిన రెండు చుక్కలే.