గడ్డివామి లెక్క
పదునెనిమిదవ శతాబ్దమునందు స్కాట్లండు ఉత్తర పర్వతసీమలోని చిన్నరైతునకు శీతకాలము గడ్డు పరీక్ష. వానయు మంచును నెలల తరబడి విడువక కురిసెడివి. ఒకే పొడవాటి ఇంట ఒక కొన మనుష్యులు, రెండవ కొన పశువులు. పశువుల వెచ్చదనము ఇంటివారికిని ఆసరా.

వేసవియందును వానలు పడుటచే గడ్డి సరిగా ఎండెడిది కాదు. వామివేసినది వసంతము దాక చాలెడిది కాదు. కావున చలి ముదరకమునుపే కొన్ని పశువులను దక్షిణమునగల క్రీఫ్, ఫాల్కర్క్ సంతలకు తోలి అమ్మి, ఆ సొమ్ముతో శిస్తు చెల్లించెడివారు. ఎక్కువ అమ్మినచో ఇంట పాడి లేదు. ఎక్కువ నిలిపినచో అన్నిటికిని ఆకలియే. అరకడుపుతో చలికాలము గడపిన ఆవులు వసంతమున తమంతట లేవలేకున్నచో, ఇరుగుపొరుగువారు కూడి వాటిని ఎత్తి నిలిపి పచ్చికకు చేర్చెడివారు.

పిమ్మట క్రమముగా టర్నిప్ దుంపల సాగును, విత్తి పెంచిన పచ్చికయు వ్యాపించెను. శీతకాలపు మేత చేతికందెను. ఆవులను ఎత్తి నిలుపు పనియు తగ్గెను.