తాగనోడికి క్లోమం ఎందుకు పాడైంది? ఒక తాళం కథ

నాది తనకల్లు. మా బంధువు ఒకాయన పాతికేళ్లకే కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయేవాడు. స్కాన్ తీస్తే క్లోమంలో, అదే ప్యాంక్రియాస్‌లో, రాళ్లున్నాయి. "దొంగచాటుగా తాగుతుంటాడులే" అని ఊళ్లో తేల్చేశారు. ఆయన చుక్క ముట్టని మనిషి. మరి ఆ రోగం ఎలా వచ్చింది? ఇది తెలియాలంటే 150 ఏళ్లు వెనక్కి పోవాలి.

మనం సంగటిలోకి ఊరుబిండి తింటాం. అందులోని శెనక్కాయల ప్రోటీన్‌ని అరిగించే ఎంజైములు చాలావరకు క్లోమంలోనే తయారవుతాయి. కానీ క్లోమం కూడా ప్రోటీన్‌తో కట్టిందే కదా! అది తనను తానే ఎందుకు అరిగించుకోదు?

1875లో జర్మన్ శాస్త్రవేత్త హైడెన్‌హైన్ జవాబు పట్టుకున్నాడు. క్లోమం ఈ ఎంజైముని పని చేయని రూపంలో దాచుకుంటుంది. అంటే తాళం వేసి పెడుతుంది. మరుసటి ఏడాది కూనే దానికి ట్రిప్సిన్ అని పేరు పెట్టాడు. 1899లో రష్యాలో పావ్‌లోవ్ ల్యాబ్‌లో తాళంచెవి దొరికింది. అది క్లోమంలో లేదు, చిన్నపేగులో ఉంది! పేరు ఎంటరోకైనేజ్. తర్వాత జార్జ్ పలాడే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో ఈ సరుకు కణంలో తయారై, చిన్న చిన్న సంచుల్లోకి చేరి, బయటికి పోయే దారంతా చూపించాడు. 1974లో నోబెల్ అందుకున్నవాళ్లలో ఆయనొకడు.

మనం తిన్నాక హార్మోన్ కబురు పంపుతుంది, సంచులు తెరుచుకుంటాయి, రసం నాళం గుండా పేగులోకి పోతుంది. తాళం తీసేది అక్కడే. పొరపాటున లోపలే తెరుచుకుంటే? క్లోమం తనను తానే అరిగించుకుంటుందని 1896లోనే కియారి చెప్పాడు. అలా కాకుండా స్పింక్1 అనే జీన్ ఒక కాపలా ప్రోటీన్‌ని తయారుచేస్తుంది.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. 1960ల్లో కేరళలో డాక్టర్ గీవర్ఘీస్ ఇలాంటి రోగుల్ని వందలమందిని చూశాడు. తాగుడు లేదు, చిన్న వయసు, క్లోమంలో రాళ్లు, షుగరు. అక్కడ తినే కర్రపెండలం మీద అనుమానం పడింది. కానీ అది తినని చోట్లా ఈ రోగం ఉంది. 2002లో హైదరాబాద్ సీసీఎంబీలో చాందక్ బృందం చూపించింది: ఈ రోగుల్లో చాలామందికి స్పింక్1 జీన్‌లోనే మార్పు ఉంది. కాపలావాడే బలహీనం! ఆ మార్పు ఉన్న ప్రతి ఒక్కరికీ రోగం రాదు. ఇంకా వేరే కారణాలూ కలవాలి.

తాగుడు క్లోమాన్ని పాడు చేస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ అదొక్కటే కారణం కాదు. వీపులోకి పాకే కడుపునొప్పి మళ్లీ మళ్లీ వస్తుంటే, ఎవరేమంటారో అని దాచుకోకండి, డాక్టర్‌కి చూపించుకోండి.

మా బంధువు ఇప్పుడు లేడు. ఆ నింద మాత్రం ఊళ్లో ఇంకా ఉంది. అందుకే ఈ ఎపిసోడ్ చేశాను. ఉంటాను.