రైల్లో ఫోన్ పోతే బిలాస్‌పూర్‌లో ఏం చేయాలి?

విశాఖ–కోర్బా ఎక్స్‌ప్రెస్ బిలాస్‌పూర్ చేరేసరికి జేబులో ఫోన్ లేదు. పోయింది ఒడిశాలోనా, రాయ్‌పూర్ దాటాకా? అది తేలేదాకా ఆగక్కర్లేదు. చోరీ ఎక్కడ జరిగినా జీరో ఎఫ్‌ఐఆర్ తీసుకోవాలని 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్ చెబుతోంది. రైళ్లలో దొంగతనాల కేసులు చూసేది జీఆర్పీ. ఆర్పీఎఫ్‌కు 139 ద్వారా చెప్పొచ్చు. ఎవరో ఎత్తుకెళ్లారని అనుమానముంటే ‘పోగొట్టుకున్నాను’ అని రాసివ్వకండి. నకలు తీసుకోకుండా స్టేషన్ నుంచి కదలకండి.

అంతకంటే ముందు పక్క ప్రయాణికుడి ఫోన్ అడిగి, గూగుల్ ‘ఫైండ్ హబ్’లోనో యాపిల్ ‘ఫైండ్ మై’లోనో మీ ఫోన్‌ను లాక్ చేయండి. పని కాగానే లాగౌట్ మరవద్దు. డేటా చెరిపేయడానికి తొందరపడొద్దు. ఆండ్రాయిడ్‌లో చెరిపాక ఇక ఆచూకీ చూపదు. వెంటనే సిమ్ బ్లాక్ చేయించి, బ్యాంకుకు చెప్పండి. ఓటీపీలన్నీ ఆ సిమ్‌కే వస్తాయి, ఫోన్ ధర కంటే పెద్ద నష్టం అక్కడే. డబ్బు పోతే 1930.

ఆ తర్వాత సంచార్ సాథీలోని సీఈఐఆర్. 2023 మే నుంచి దేశమంతటా ఉంది. ఫిర్యాదు నకలు, ఐఎంఈఐ ఇస్తే 24 గంటల్లో ఆ ఫోన్ దేశంలోని ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయదు. చిక్కల్లా ఓటీపీతోనే. దానికి డూప్లికేట్ సిమ్ కావాలి, అందులో ఎస్సెమ్మెస్‌లు మొదలవడానికి ఒక రోజు పట్టొచ్చు. ఐఎంఈఐ ఫోన్ పెట్టె మీద ఉంటుంది. పెట్టె ఎప్పుడో పారేసినవాళ్లు ఇప్పుడే *#06# కొట్టి, రెండు సిమ్‌ల ఫోనైతే రెండు నంబర్లూ కాగితం మీద రాసి ఇంట్లో ఉంచండి.