పట్టణ ప్రణాళికకు నిధులెవరివి? తిరుపతి, చిత్తూరు అనుభవం

పురపాలక కార్యాలయం, మార్కెట్టు, ఆసుపత్రి వంటి పౌర భవనాలు పాతబడితే వాటిని తిరిగి కట్టడానికి డబ్బు కావాలని మీకు తెలుసు. కాని తొలి ఇటుక పడకముందే మరొక ఖర్చు ఉంటుంది. స్థలాన్ని సర్వే చేయించాలి, పటాలు గీయించాలి, అంచనాలు వేయించాలి, ప్రజాభిప్రాయం సేకరించాలి. ఈ ప్రణాళికా వ్యయాన్ని భరించేవారెవరు అన్న ప్రశ్నతో ఈ ప్రాంత చరిత్రను పరిశీలిద్దాం.

స్థానిక పన్నుల దశ

1882లో వైస్రాయి రిప్పన్ చేసిన స్థానిక స్వపరిపాలన తీర్మానం, 1884 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం తరువాత 1886 ఏప్రిల్ 1న తిరుపతి పురపాలక సంఘం ఏర్పడింది. చిత్తూరుకు ఈ హోదా 1917లో లభించింది. రోడ్లు, దీపాలు, పారిశుద్ధ్యం వంటి బాధ్యతలకు ప్రధాన ఆధారం పట్టణవాసుల పన్నులే.

ఇక్కడ ఒక తేడాను గమనించండి. చిత్తూరు మొదట ఉత్తర ఆర్కాటుకు, 1911 నుండి కొత్త చిత్తూరు జిల్లాకు పాలనా కేంద్రం. అందువల్ల కలెక్టరు కార్యాలయం, న్యాయస్థానాల వంటి భవనాల భారం ప్రభుత్వానిది. తిరుపతి యాత్రాస్థలం. పన్ను కట్టేవారు స్థానికులు, సౌకర్యాలు వాడుకొనేవారిలో అధికులు యాత్రికులు. 1933లో ఏర్పడిన తిరుమల తిరుపతి దేవస్థానం సత్రాలు, కళాశాలలు, ఆసుపత్రులు నెలకొల్పి ఈ లోటును కొంత పూరించింది. అయితే అవి దేవస్థానం నిర్ణయించినవి, పురపాలక సంఘం నిర్ణయించినవి కావు.

ప్రత్యేక సంస్థల దశ

మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం 1920లో వచ్చింది. పథకం వల్ల స్థలం విలువ పెరిగితే యజమాని నుండి కొంత వసూలు చేసే వీలును అది కల్పించింది. 1975 చట్టం కింద 1981లో తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, అంటే తుడా, ఏర్పడింది. ప్రణాళిక రచన దాని ప్రధాన విధి. అభివృద్ధి రుసుములు దాని ఆదాయ మార్గాలలో ఒకటి.

స్మార్ట్ సిటీ దశ

2015లో కేంద్రం ప్రారంభించిన స్మార్ట్ సిటీ పథకంలో ప్రణాళికకే విడిగా నిధి కేటాయించారు. పోటీకి ఎంపికైన ప్రతి నగరానికి ప్రతిపాదన తయారీకి 2 కోట్ల రూపాయలు ఇచ్చారు. 2016 సెప్టెంబరులో తిరుపతి నెగ్గింది. కేంద్రం వాటా 500 కోట్ల వరకు, రాష్ట్రం, స్థానిక సంస్థ కలిసి అంతే మొత్తం. అంటే సుమారు వెయ్యి కోట్ల పనుల స్వరూపాన్ని రెండు కోట్ల ప్రణాళిక నిర్ణయించింది. ఆ ప్రతిపాదన ఎలా ఉండాలో కేంద్ర మార్గదర్శకాలు ముందే చెప్పాయి. పనుల అమలు కూడా నగరపాలక మండలి చేతిలో కాక ప్రత్యేక కంపెనీ చేతిలో ఉంచారు.

వివాదం నుండి పాఠం

దేవస్థానం బడ్జెట్లో 1 శాతాన్ని తిరుపతి అభివృద్ధికి ఇవ్వాలని 2023 అక్టోబరులో పాలకమండలి తీర్మానించింది. భక్తుల కానుకలను పట్టణానికి ఖర్చు చేయవచ్చునా అన్న వాదం చెలరేగింది. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆమోదించలేదు. 1886 నాటి చిక్కు ఇంకా తీరలేదని దీనివల్ల మీకు అర్థమవుతుంది.

ప్రణాళికకయ్యే సొమ్ము స్వల్పమే. కాని ఏది కట్టాలి, ఎవరి కోసం కట్టాలి అన్నది తేలేది అక్కడే. సొంత నిధులతో ప్రణాళిక వేసుకోలేని పట్టణం, డబ్బిచ్చినవారి ప్రాధాన్యాలను తనవిగా స్వీకరించవలసి వస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ పట్టణంలోని ఒక పౌర భవనాన్ని ఎంచుకొని, దాని ప్రణాళికకు, నిర్మాణానికి ఎవరు నిధులిచ్చారో తెలుసుకొని పది వాక్యాలలో రాయండి.